వేపపుల్ల ఉద్యోగం

ఒక పెద్ద అడవిలో జబ్బులకు కొదవ లేదు, ఆసుపత్రి మాత్రం ఒక్కటే. దాని పెద్ద డాక్టరు జాంబయ్య అనే ఎలుగుబంటి. ఆయన కింద ముగ్గురు: ముళ్లు పీకే కొంగ ధవళమ్మ, కట్లు కట్టే కోతి మారయ్య, గుమ్మం దగ్గర కూర్చునే గాడిద ఓబులేసు.

ఆసుపత్రిలో ఆలస్యం ఎక్కువైందని ఫిర్యాదులు వెళ్లాయి. నెలలోగా సిబ్బందిని దారిలో పెట్టకపోతే జాంబయ్యను తీసేసి రాబందును వేస్తామని అడవి సభ తాఖీదు పంపింది. రాబందు వైద్యంలో ఒక సుఖం ఉంది. రోగి పోయినా ఆయనకు నష్టం లేదు. అది తలుచుకుంటే జాంబయ్యకు తేనె కూడా రుచించలేదు.

అందుకని సిబ్బందికి శిక్షణ ఇప్పించడానికి మయూరనాథం అనే నెమలిని పిలిపించాడు. జట్టును ఎలా నడపాలో నాలుగు అడవుల్లో చెప్పి వచ్చినవాడు. ఇంతవరకు ఒక్క ముల్లు పీకినవాడు కాడు.

మయూరనాథం ఒక రోజంతా కొమ్మ మీద కూర్చుని చూశాడు. సాయంత్రం పురి విప్పి, ఈకల మీది ఒక్కో కన్నునూ ముక్కుతో చూపిస్తూ ఎవరి పని ఏమిటో వివరించాడు. ఆ పనులన్నీ జాబితాగా రాసిచ్చి, అందులో ఉన్న పనే చేయాలి, పక్కవాడి పనిలో వేలు పెట్టకూడదు అన్నాడు. చివరికి గాడిద దగ్గర ఆగాడు.

“ఈయన పొద్దుటి నుంచి చేసింది కబుర్లు చెప్పడమే. ఆలస్యమంతా ఇక్కడే ఉంది డాక్టరుగారూ.”

కోరలున్న రోగి ఎవరొచ్చినా వేపపుల్ల కరిచి పట్టుకున్నాకే లోపలికి రావాలన్నది ఆ ఆసుపత్రి ఆచారం. నొప్పికి కొరికితే పుల్ల విరగాలి గాని డాక్టరు చెయ్యి కాదు. ఆ పుల్ల నోట్లో పెట్టేది ఓబులేసే. జాంబయ్యకు ఆ సంగతి తెలుసు. కానీ రాబందు గుర్తొచ్చి, గాడిదను తీసేయడానికి తల ఊపాడు.

“వాగు పక్కన గడ్డి బాగుందట, చూసొస్తానయ్యా,” అని ఓబులేసు వెళ్లిపోయాడు. అతని చోట ఒక పలక వేలాడదీశారు: కోరలున్నవారు పుల్ల కరచుకోవలెను.

తర్వాత అన్ని రోజులూ పని చకచకా సాగింది. వచ్చినవన్నీ కుందేళ్లు, జింకలు.

గడువు రోజున సభాధ్యక్షుడు పులిదొర వచ్చాడు. తనిఖీకి బయల్దేరి దారిలో ముల్లు తొక్కాడు. కుంటుతూ పలకను దాటి నేరుగా లోపలికి వచ్చేశాడు.

జాంబయ్య ధవళమ్మ వైపు చూశాడు. ముల్లు పీకడం వరకే తన పని అని, పుల్ల సంగతి తన జాబితాలో లేదని ఆమె చెప్పింది. మారయ్య అప్పటికే చిటారు కొమ్మన ఉన్నాడు. ముల్లు వచ్చాక పిలవమన్నాడు. శిక్షణ బాగా ఒంటబట్టింది.

“మీరే చేసి చూపించండి నాథంగారూ,” అన్నాడు జాంబయ్య, తనిఖీ చూడవచ్చిన మయూరనాథంతో.

కాదనలేక నెమలి ముందుకు వచ్చి, అలవాటు కొద్దీ పురి విప్పి, నాయకుడనేవాడు అంటూ మొదలుపెట్టాడు. అంతలో పులిదొరకు ముల్లు కలుక్కుమంది. అందింది కరిచాడు. అందింది పురి. ఇక వదల్లేదు.

జాంబయ్య వాగు దగ్గరికి పరుగెత్తాడు.

“తప్పు నాదే ఓబులేసూ. రా.”

“నా పేరు జాబితాలో లేదు కదయ్యా,” అంటూనే గాడిద ముందు పరుగు తీశాడు.

గుమ్మంలో అడుగు పెడుతూనే పలకరించాడు. “ఏం దొరా, చిక్కిపోయారు. పెద్దమ్మాయి ఈనిందట గదా, ఎన్ని పిల్లలు?”

“మూడు,” అనడానికి పులిదొర నోరు తెరిచాడు. ఈకలు రాలాయి, పుల్ల దూరింది. ధవళమ్మ ముల్లు పీకింది, మారయ్య దిగివచ్చి కట్టు కట్టాడు. పులిదొర మాత్రం మూడోది అచ్చం తాత పోలికేనని పుల్ల సందుల్లోంచి చెబుతూనే ఉన్నాడు.

జాంబయ్య పదవి నిలిచింది. ఓబులేసు మళ్లీ గుమ్మం దగ్గర కూర్చున్నాడు. శిక్షణ దివ్యంగా ఫలించిందని సభ తీర్మానం చేసి మయూరనాథానికి శాలువా కప్పింది. తోక వైపు అది ఆయనకు బాగా అక్కరకొచ్చింది.

నీతి: జట్టులో పనిలేనివాడెవడో తేల్చుకోవాలంటే వాణ్ని తీసేసి చూడండి, పులి వచ్చినప్పుడు మాత్రం ముందు మీరే నిలబడండి.