తాతగారు ఆగిన చోటు

ఎంజైము పని చేయనని చేతులెత్తేసినప్పుడల్లా రోగి జన్యువులను పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, పాఠం అప్పజెప్పించుకోవడం విశాఖపట్నంలోని ఆ జీవరసాయన పరిశోధనాలయంలో మామూలు పద్ధతి. అమ్మ తరఫు జన్యువు ఒకటి, నాన్న తరఫుది ఒకటి రావాలి. ఒకటి తడబడితే రెండోది అందుకుంటుంది. ఎంజైము ఆ పాఠం విని తన పని నేర్చుకుంటుంది.

ఆ మంగళవారం వచ్చినవి డాక్టర్ వకుళ మేనకోడలు మంజరి జన్యువులు. ఆరేళ్ల ఆ పిల్లకు తాగిన పాలే ఒంట్లో విషమవుతున్నాయి. కాలేయం వాచి పొట్ట ముందుకొచ్చింది. పిల్ల పక్క గదిలో పడుకుని ఉంది. ఎంజైము మూలన నిలబడి గోళ్లు చూసుకుంటోంది.

జన్యువులు రెండూ అచ్చు గుద్దినట్టున్నాయి. మంచినీళ్లు తాగి, ఒకే శ్రుతిలో మొదలుపెట్టాయి. అది మనిషికి మాటలు రాకముందటి పాఠం, చేపలు గట్టెక్కకముందటి పాఠం. ఇరవై ఏళ్లుగా వింటున్నా వకుళకు ఒళ్లు జలదరించింది. చెప్పులు విప్పి పక్కన పెట్టి మరీ విన్నది. ఇన్ని యుగాలు ఒకరి నోట ఒకరు వింటూ ఇక్కడిదాకా మోసుకొచ్చారంటే దండం పెట్టాల్సిందే అనుకుంది.

సగం దాటాక రెండూ ఒకే చోట ఆగిపోయాయి.

"తర్వాత?" అంది వకుళ.

"అక్కడ మాకు రాదమ్మా. మీ తాతగారికీ రాదు. మేమిద్దరం ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లమే."

వకుళ అన్న శేషగిరి మేనమామ కూతుర్నే చేసుకున్నాడు. పిల్లలు బయటికి పోకూడదన్నది ఆ ఇంటి పట్టుదల.

రెండూ ఆగిపోతే బయటి జన్యువును తెచ్చుకోవచ్చని నిబంధన ఉంది. వరండాలో కూర్చున్న ఒకదాన్ని వకుళ లోపలికి పిలిచింది. అది ఆ చోటును గుక్క తిప్పుకోకుండా దాటేసింది. మూలనున్న ఎంజైము తలెత్తి చూసింది. ఇక కావలసింది కుటుంబం అంగీకారమే.

"బానే చెప్పింది. ఎవరి తాలూకంట?" అని అడిగింది వకుళ తల్లి సీతారావమ్మ.

"గుర్తులేదండి. ఇంటిపేర్లు నిన్నగాక మొన్న వచ్చినవే కదండీ," అంది జన్యువు వినయంగా.

"విన్నావా? రేపు వద్దనుకుంటే ఒంట్లోంచి పోతుందా అది? ముందు మనవాళ్లలో చూద్దాం."

"పిల్లకి అంత టైం లేదమ్మా," అంది వకుళ. అన్న అప్పటికే బంధువులకు ఫోన్ చేస్తున్నాడు.

మనవాళ్లలో వెతికేసరికి పదిహేను రోజులు పట్టింది. తణుకు నుంచి సీతారావమ్మ చిన్నతమ్ముడి జన్యువును కారులో తీసుకొచ్చారు. అది కంచుగొంతుతో మొదలుపెట్టి, సరిగ్గా అదే చోట ఆగిపోయింది.

సీతారావమ్మ కళ్లు చెమ్మగిల్లాయి. "అచ్చం మా నాన్నగారిలాగే ఆగింది," అంది. శేషగిరి వెంటనే సంతకం పెట్టాడు. వకుళకూ తాతయ్య గుర్తొచ్చాడు. కుటుంబం ఒప్పుకున్నదాన్నే తీసుకోవాలి కాబట్టి, తీసుకుంది. ఎంజైము మళ్లీ గోళ్లు చూసుకోసాగింది.

"నాకేం తొందర లేదండి, కూర్చుంటాను," అంది వరండాలోని జన్యువు.

పక్క గదిలోంచి మంజరి ఆకలేస్తోందని పిలిచింది. గండం గడిచిందన్న సంతోషంతో సీతారావమ్మ పాలన్నం కలపడానికి లేచింది.