రామకోటికి మిత్రుణ్ణి కేటాయించిన విధం

స్వతంత్ర దేశంలో విద్యార్థి దిగులుపడటం జాతికి నష్టం. పడక తప్పనప్పుడు పద్ధతి ప్రకారం పడాలి. ఈ సంగతి మొట్టమొదట కనిపెట్టిన ఘనత ఏలూరులోని మా కాలేజీ హాస్టలుది. (కాలేజీ పేరు చెప్పను. నా టి.సి. ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది.)

ప్రిన్సిపాలు పట్టాభిరామయ్య గారు మద్రాసులో ఏదో మహాసభకు వెళ్ళి వస్తూ, విద్యార్థి మనోవ్యాధికి సాటి విద్యార్థే మందు అనే సిద్ధాంతం పట్టుకొచ్చారు. వెంటనే మిత్ర సహాయ సంఘం వెలిసింది. వార్డెను భీమశంకరం గారు అధ్యక్షులు. ఇస్త్రీ చొక్కాలున్న సీనియర్లు మిత్రులు. దిగులున్నవాళ్ళు ఆటల బెల్లుకీ భోజనాల బెల్లుకీ మధ్య సంఘం గదికి వచ్చి, బల్లకు ఇవతల కూర్చున్న మిత్రుడికి చెప్పుకోవాలి. మిత్రుల్లో ఎక్కువమంది భీమడోలు, తాడేపల్లిగూడెం వాళ్ళు కావడం వల్ల శనివారం ప్యాసింజరు బండికి ఇళ్ళకు పోతారు. కనుక ఆదివారం ఎవరూ దిగులుపడరాదని నోటీసు పెట్టారు.

పథకం బ్రహ్మాండంగా నడిచింది. మిత్రుడు "ఏవండీ, కులాసాయేనా?" అని అడిగేవాడు. మనవైపు అంత మర్యాదగా అడిగిన మనిషితో లేదండీ అనడం ఎంత అసభ్యత! అందరూ "మీ దయవల్ల కులాసాయేనండీ" అనేవాళ్ళు, జ్వరంతో మూలుగుతున్నవాళ్ళతో సహా.

నిజం చెప్పినవాడు రామకోటి ఒక్కడే. కొల్లేటి లంకలో చేపలు పట్టే ఇంటి కుర్రవాడు, ఆ లంకనుంచి కాలేజీ మెట్టెక్కిన మొదటివాడు. కొడుకు తాసిల్దారవుతాడని వాళ్ళమ్మ పైడమ్మ ఊరంతా చెప్పుకుంది.

"కులాసా లేదండీ. భోజనాల కాడ నా పక్కన ఎవరూ కూర్చోట్లేదండీ. కూర్చున్నోళ్ళు కూడా లేచిపోతన్నారు. ముద్ద దిగట్లేదండీ. ఇలాగైతే చదువు మానేసి ఎల్లిపోతాను" అన్నాడు.

అడిగిన మిత్రుడు పాండురంగారావు కంగారుపడ్డాడు. (రెండో ప్రశ్న ఏం వేయాలో అతనికి ఎవరూ నేర్పలేదు.) సంఘం అత్యవసరంగా సమావేశమైంది. రామకోటి పక్కన ఒక మిత్రుడు కూర్చుని భోంచేస్తే సరిపోతుందని వార్డెను గారు సెలవిచ్చారు.

"మాకేం అభ్యంతరం లేదండీ. కాకపోతే అక్కడ చేపల వాసనండీ" అన్నాడు పాండురంగారావు.

ప్రతి గురువారం కొరమీను పులుసు మారు వడ్డించుకునేవాళ్ళలో ఇతనే మొదటివాడు. (చేప గిన్నెలో ఉంటే సువాసన. దాన్ని పట్టిన ఇంటివాడు పక్కనుంటే కంపు.) రెండో మిత్రుడికి ఆ వరసలో గాలి తగలదట. మూడోవాడు వాళ్ళ నాన్నగారిని ఒక్క మాట అడగాలన్నాడు. బలవంతపు స్నేహం సంఘ నియమాలకు విరుద్ధం.

వార్డెను గారు చాలాసేపు ఆలోచించి రామకోటిని పిలిపించారు.

"ఏవయ్యా, నీ బాధ నీకంటే తెలిసినవాడెవడు? నీకు మిత్రుడిగా నిన్నే వేస్తున్నాం. నీ పక్కన కూర్చోడానికి నీకేం అభ్యంతరం లేదుగా?"

"లేదండీ" అన్నాడు రామకోటి, తలవంచుకుని.

ఆ కుర్రవాడు అంత నెమ్మదిగా అనేసరికి, కిటికీ దగ్గర నిలబడి వింటున్న నాకు ఒళ్ళు మండిపోయింది. సభ్యులు మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకుని టీ తెప్పించుకున్నారు.

కొత్త మిత్రుడు శ్రద్ధగా పనిచేశాడు. రోజూ వేళకు సంఘం గదికి వచ్చి బల్లకు ఇవతల కూర్చునేవాడు. అవతలి కుర్చీ ఖాళీగా ఉండేది. కులాసాయేనా అని తనను తాను అడిగేవాడో లేదో తెలియదు. భోజనాల్లో అతని పక్క పీట మాత్రం ఖాళీగానే ఉండేది. కొన్నాళ్ళకు ట్రంకుపెట్టె సర్దుకున్నాడు. హాస్టలు వదిలే విద్యార్థిని అతని మిత్రుడు స్టేషను దాకానో పడవరేవు దాకానో సాగనంపాలని నియమం. రామకోటి ఆ నియమాన్ని కూడా పాటించాడు. పెట్టె నెత్తిన పెట్టుకుని, ఒక్కడూ నడిచి వెళ్ళి, పడవెక్కాడు. మళ్ళీ రాలేదు.

వార్షికోత్సవంలో పట్టాభిరామయ్య గారు ఉత్తమ మిత్రుడి కప్పు ప్రకటించారు. విద్యార్థిని కష్టంలో ఒక్కక్షణం కూడా విడవకుండా, చివరిదాకా వెంట ఉన్న మిత్రుడు రామకోటి ఒక్కడేనని గద్గద స్వరంతో చెప్పారు. విజేత సభలో లేనందువల్ల అతని తరఫున పాండురంగారావు కప్పు అందుకుని, తన గదిలో పెట్టుకున్నాడు.