మొదటి ఫోటో అమ్మది, రెండోది పిల్లిది

మంగళవారం ఉదయం మార్తమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. షుగరు వరుసగా మూడు రోజులు నూట నలభై దాటకుండా ఉంటే, శనివారం రాజమండ్రిలో తమ్ముడి కూతురి పెళ్లికి పంపుతానని కూతురు జాయ్స్ మాటిచ్చింది. ఆ పిల్ల పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది మార్తమ్మే. వెళ్లి తీరాలి.

హఫీజ్‌పేట్‌లోని ఆ ఫ్లాట్లో షుగరు ఇద్దరికి: ఆమెకూ, బాబ్జీ అనే లావుపాటి పిల్లికీ. బాబ్జీ తిండీ, ఇన్సులిన్ వేళలూ రాసిన కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. మీటరు మాత్రం ఇద్దరికీ ఒకటే. పొద్దున్నే జాయ్స్ స్నానానికి వెళ్లగానే మార్తమ్మ తన వేలూ, బాబ్జీ చెవి అంచూ పొడిచి, మీటరు ఫోటోలు పంపాలి. మొదటిది అమ్మది, రెండోది పిల్లిది. అదీ నియమం.

ఆ రోజు బాబ్జీకి నూట పన్నెండు వచ్చింది. ఉప్పు లేని ఉడికించిన కోడిమాంసం బుద్ధిగా తినే పిల్లి మరి. మామిడితాండ్ర పరుపు కింద దాచుకునే మార్తమ్మకు రెండొందల ముప్ఫై ఎనిమిది.

"మూడు రోజులు సర్దుకోరా నాయనా," అని బాబ్జీకి చెప్పి, ఆమె పిల్లి ఫోటోను ముందు పంపింది.

"నూట పన్నెండా! బంగారు తల్లివమ్మా," అని జాయ్స్ మురిసిపోయింది. రెండో ఫోటో చూసి, "వీడికేం వచ్చిందే, ఇంత పత్యం చేస్తుంటే?" అని దిగులుపడింది.

బుధవారమూ అంతే. గురువారం ఉదయం బాబ్జీకి సూది వేసి, చెప్పులేసుకుంటూ జాయ్స్ అంది: "రాత్రి బాబ్జీ డాక్టరుతో మాట్లాడాను. మందు రెట్టింపు చేయమన్నారు, వేసేశాను. పదకొండింటికి ఇద్దరివీ మళ్లీ చూసి పంపు."

మార్తమ్మ నోరు తెరిచేలోపు లిఫ్టు కిందికి దిగింది. ఫోన్ తీసి, చెబితే పెళ్లి పోతుందని మళ్లీ పెట్టేసింది. బాబ్జీ ముందు మాత్రం గిన్నె నిండా తిండి పెట్టింది. వాడు వాసన చూసి వదిలేశాడు.

పదకొండింటికి బాబ్జీ లేవబోయి తూలాడు. మీటరులో నలభై ఎనిమిది. కంగారులో చేయి అలవాటు చొప్పున ఆ ఫోటోనే ముందు పంపేసింది. తేనె కోసం లేచేలోపే ఫోన్ మోగింది.

"అమ్మా, నలభై ఎనిమిదా! కూర్చో, కదలకు! సాయమ్మను పంపుతున్నా, నేనూ బయల్దేరా!"

"నాకు కాదే..."

రెండు నిమిషాల్లో కింద ఊడ్చే సాయమ్మ, ఎదురు ఫ్లాటు వెంకటరమణగారూ తేనె సీసాతో వచ్చిపడ్డారు. సాయమ్మ ఆమెను సోఫాలో అదిమి పట్టింది.

"నోరు తెరువమ్మా, జర మింగు!"

"నాకొద్దే! పిల్లికి పొయ్యండి, పిల్లికి!"

"అయ్యో, ఇన్నరా సారూ? పిల్లికి పొయ్యమంటున్నది. మతి పోయినట్టున్నది."

"షుగరు పడిపోతే ఇలాగే మాట్లాడతారండి. ఇంకో చెంచా పొయ్యండి."

ఎంత గింజుకుంటే జబ్బు అంత ముదిరిందని లెక్క. నాలుగు చెంచాలు లోపలికి పోయాయి. ఆటోలో ఉన్న జాయ్స్ మళ్లీ ఫోన్ చేస్తే, వెంకటరమణగారు స్పీకరు పెట్టారు. సోఫా కింద బాబ్జీ తల వాల్చేశాడు. అది చూసి మార్తమ్మ ఇక పెళ్లి సంగతి వదిలేసింది.

"జాయ్స్! మూడు రోజులుగా నా ఫోటో వాడిదని, వాడిది నాదని పంపాను! పడిపోతున్నది వాడికే! పెళ్లికెళ్లాలని చేశానే!"



"సాయమ్మా," అంది జాయ్స్, "సీసా అమ్మకివ్వు."

మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు ఆయాగా చేసిన చేయి మార్తమ్మది. బాబ్జీ చిగుళ్లకు తేనె రాస్తూ ఆమె ఏడుస్తూనే ఉంది. కాసేపటికి వాడు ఆ వేలు నాకి, ఇంకా లేదా అన్నట్టు చూశాడు.

"గా పిల్లికే తక్కువున్నదా?" అంది సాయమ్మ. "మరి నాలుగు చెంచాలు ఈమెకు పోస్తిమి గద సారూ!"

వెంకటరమణగారు మీటరు తెచ్చి మార్తమ్మ వేలు పొడిచి చూశారు. నాలుగొందల పన్నెండు.

సాయంత్రం పశువుల డాక్టరు అసలు అంకెలు చూసి, ఈ పిల్లికి ప్రస్తుతానికి ఇన్సులిన్ ఆపి పత్యంతో చూద్దామన్నాడు. మార్తమ్మ డాక్టరు కూడా అంకెలు చూశాడు.

శనివారం పెళ్లికి తల్లీకూతుళ్లిద్దరూ వెళ్లారు, మధ్యలో ఇన్సులిన్ ఉన్న ఐసు పెట్టెతో. ఫ్రిజ్ తలుపు మీద కాగితం ఇప్పటికీ అదే, ఉప్పు లేని కోడిమాంసంతో సహా. బాబ్జీ పేరు కొట్టేసి మార్తమ్మ అని రాశారు.