తెరవకూడని టాపు

మడతపడే టాపున్న కారు కొన్నవాడు ఆ టాపు తెరవకూడదు. తెరిస్తే కారు పాడవుతుంది, ఆపైన జుట్టు పాడవుతుంది, చివరికి మనిషే పాడవుతాడు. ఇది మా బావ సిద్ధాంతం. పదేళ్లు పక్కనే నిలబడి టార్చిలైటు పట్టాక నేనూ ఆయన మతంలో కలిసిపోయాను.

బావ పుట్టకముందు తయారైన కారది. పైన గుడ్డ టాపు, ఆ గుడ్డను మోసే ఇనుప ఫ్రేము. గొడుగు ఊచల్లాంటివే అనుకోండి. టాపు మూసి ఉన్నంతకాలం బయటివాళ్లెవరికీ అవి కనబడవు. ఆ కనబడని ఊచలకు ఫ్యాక్టరీలో ఏ నలుపు వేశారన్నదే ఆయన జీవితసమస్య.

నలుపంటే నలుపే కదా అంటారా? అలా అన్న పాపానికే ఒక ఏడాది ఆ ఇంటి కాఫీకి దూరమయ్యాను. మెరిసే నలుపు వేరు, మెరవని నలుపు వేరు, మెరవనా వద్దా అని మొహమాటపడే నలుపు వేరు!

ఈ చింత వల్ల లాభాలు ఒకటా రెండా? పదేళ్లలో ఆ కారుకి ఒక్క యాక్సిడెంటు లేదు, షెడ్డు దాటితే కదా. బావకి చెడు సావాసాలు లేవు. ఇరుగుపొరుగు గొడవల్లో తల దూర్చడు. దూర్చడానికి తల ఖాళీగా ఉండాలి, అదెప్పుడూ టాపు కిందే ఉంటుంది.

గొణిగేది మా అక్క ఒక్కతే. ఆవిడ కోరిక చిన్నది. టాపు తెరిచిన కారులో, బావ పక్కన కూర్చుని, వంతెన దాకా వెళ్లి రావాలి. అడిగినప్పుడల్లా బావ "రంగు తేలనీ" అనేవాడు.

ఈ ఏడు తేలింది. వెనక కీలు దగ్గర, ఎండా వానా తగలని మడతలో, బొటనవేలి గోరంత పాత నలుపు దొరికింది. అందులో ఒక కుంచె వెంట్రుక ఇరుక్కుని ఉంది. అంటే ఫ్యాక్టరీలో కుంచెతో వేశారన్నమాట. బావ వెంటనే పెయింటు మేస్త్రిని పిలిపించి, స్ప్రే గన్ను పక్కన పెట్టించాడు.

"ఆ గోరంత ముక్క జోలికి పోకుండా మిగతాదంతా కుంచెతో వెయ్యండి. అక్కడక్కడా ఒక వెంట్రుక వదలండి."

"పడిన వెంట్రుక తియ్యడం నేర్చుకున్నాను సార్. పెట్టడం మా గురువు నేర్పలేదు."

"నేను నేర్పుతాను."

నెల తిరిగేసరికి ఫ్రేము పూర్తయింది. అక్క తలకు స్కార్ఫు కట్టుకుని షెడ్డులోకి వచ్చింది.

"ఎక్కనా?"

"ఎక్కు. టాపు మాత్రం తియ్యను. మడిస్తే కీలు ఒరుసుకుని ఆ ఒరిజినల్ ముక్క కాస్తా రాలిపోతుంది."

అక్క వంగి చూసింది. "ఏదీ, ఈ మూల నలుపా? ఇది నేను వేసిందేగా."

నా చేతిలో టార్చిలైటు జారి కిందపడింది.

"కారు తెచ్చిన కొత్తలో ఇక్కడ తుప్పు కనబడింది. మీరు ఊళ్లో లేరు. గేటుకి వెయ్యగా డబ్బాలో కాస్త మిగిలితే పూశాను. పాత కుంచె, ఒకటే వెంట్రుకలు ఊడేవి."

బావ ముఖంలో మెరుపు పోయింది, సగం మెరుపూ పోయింది, పూర్తి మ్యాట్ ఫినిష్ వచ్చింది.

"ఒరిజినలే కానప్పుడు ఒరుసుకుంటే ఏం పోయింది? తియ్యండి," అంది అక్క.

తీశాడు. వంతెన దాకా వెళ్లారు. వంతెన దాటి కూడా వెళ్లారట.

వాళ్లు తిరిగొచ్చేలోగా నాకు పనేముంది? బావ ఉప్పుకాగితం తీసుకుని, బావ పద్ధతిలోనే, గేటు మూల ఒక్కో పొరా గీకాను. పైన నీలం. దాని కింద ఆకుపచ్చ. ఆ కింద ఎర్ర ప్రైమరు. ఇక ఇనుమే. నలుపు మచ్చుకైనా లేదు.

అంతలో కారు వచ్చి ఆగింది. బావ జుట్టు పిచ్చుకగూడులా ఉంది, పళ్లన్నీ బయటే ఉన్నాయి. అక్క దిగి నా చేతిలో కాగితాన్ని, గేటు మూలని మార్చి మార్చి చూసింది.

"ఏం చేస్తున్నావురా?"

"తుప్పు ఉంటేనూ..."

"తుప్పుకి రంగు వెయ్యాలి. గీకి బయటపెట్టకూడదు," అని మెల్లిగా అని లోపలికి వెళ్లింది.

పాఠకులారా, ఏ కాలంలోనో ఒక పనివాడు కుంచెతో అద్దిన ఆ అసలు నలుపు, ఆ సాయంత్రమే కీలు కింద నలిగి రాలిపోయింది. దాని కోసం బాధపడేవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే మిగిలాను. బావకి తీరికేదీ? రోజూ టాపు తెరిచి వంతెన మీదే ఉంటున్నాడు. ఈ కాలమ్ చదివే తీరిక కూడా లేదనే ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాను.

ఒరిజినల్ ఫినిష్‌ని కాపాడుకోండి, టాపులు తెరవకండి అని అందుకే మొత్తుకుంటున్నాను. అంతేగానీ, ఆ కారుకి వెనకసీటు కూడా ఉందనీ, పదేళ్లు టార్చిలైటు పట్టినవాణ్ణి ఇప్పటికీ ఒక్కసారి ఎక్కమనలేదనీ మాత్రం కాదు.