బయల్దేరిన చోటు: పద్దెనిమిదో సీటు

“ఈ రోజు నుంచీ ఈ సంస్థలో ఎక్కువవాళ్లు లేరు, తక్కువవాళ్లు లేరు! అందరిదీ ఒకటే గొంతు!” అని ప్రకటించారు డైరెక్టరు గారు, అందరికంటే ఎత్తయిన కుర్చీలో కూర్చుని. ఆయనకి అటూ ఇటూ కూర్చున్న పదిహేనుమంది అధికారులూ చప్పట్లు కొట్టారు. కుర్చీలు చాలక గోడవారగా నిలబడ్డ నలభైమంది గుమాస్తాలు ఇంకా గట్టిగా కొట్టారు.

అది నీటి మీటర్లు తనిఖీ చేసే సంస్థ. ఊళ్లో ఏ ఇంటికి మీటరు బిగించాలన్నా ముందు అది ఇక్కడికి రావాలి, కింద హాల్లో కుళాయికి తగిలించుకుని గిర్రున తిరగాలి, సీసపు ముద్ర వేయించుకుని బయటపడాలి. పాతికేళ్లలో ఎన్నో మీటర్లలో తప్పులు దొరికాయి. మనుషుల్లో మాత్రం ఒక్కటీ దొరకలేదు.

ఆ సంస్థలో రెండు లోకాలుండేవి. ఒకటి మెయిల్ లిస్టు. అది పదహారుమంది అధికారులకే. ఒకరు ఉత్తరం రాస్తే అందరి పెట్టెల్లోనూ పడుతుంది. అక్కడంతా “మాన్య సహచరులకు”, “తమ అమూల్యమైన అభిప్రాయంతో సవినయంగా విభేదిస్తూ” అనే భాష. చదువుతుంటే అగరొత్తులు వెలిగించినట్టుండేది. రెండోది న్యూస్‌గ్రూపు. అది వీధి గోడ లాంటిది. ఎవరైనా వచ్చి రాసిపోవచ్చు, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు, అసలు పేరు చెప్పక్కర్లేదు. తేలు, పెద్దపులి, ముళ్లపంది, గండుచీమ అని పేర్లు పెట్టుకుని ఎవరెవరో అక్కడ తెల్లారినప్పట్నుంచీ తిట్టుకునేవాళ్లు. ఏం తిట్లండీ అవి! చదివాక చెవులు కాదు, కళ్లు కడుక్కోవాలి.

“గుమాస్తాల మురికి కాలవ! మేం అటు కన్నెత్తి కూడా చూడం” అనేవాళ్లు అధికారులు. నిన్న తేలు ఏం రాసిందో మాత్రం వాళ్లకి అక్షరం పొల్లుపోకుండా తెలిసేది.

ఒకరోజు పెద్ద ఛైర్మన్ గారు వచ్చి, “ఒక్క కప్పు కింద రెండు కుంపట్లేమిటి? కలిపెయ్యండి. ఇరవై అయిదో తారీకున నేనే వచ్చి చూస్తా” అనేసి వెళ్లారు. ఆ దెబ్బకే ఈ సభ. లిస్టులో పడ్డ ఉత్తరం గ్రూపులో కనపడాలి, గ్రూపులో పడ్డ మాట లిస్టుకి చేరాలి. మధ్యలో ఒక వారధి కట్టాలి. కట్టాల్సినవాడు ఆ గుంపులో అందరికంటే వెనక, తలుపు పక్కన, ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. రెండో కాలికి చోటు లేదు.

సంస్థలో ఆయన్ని కంప్యూటరాయన అంటారు. పదకొండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. ఏటా ఇదే నెలాఖరుకి గడువు అయిపోవడం, ఏటా మొహమంతా నవ్వు పులుముకుని పొడిగింపు కోసం తిరగడం. ఈ ఏడు గడువు ముప్పయ్యో తారీకు. “వారధి సవ్యంగా నడిస్తే పర్మనెంటు, లేకపోతే సెలవు” అని ఆ రోజు ఉత్తర్వులోనే ఉంది.

ఆ ఉత్తర్వును డైరెక్టరు గారే బిగ్గరగా చదివారు. మూడు అంశాలు గడగడా చదివేశారు. “నాలుగు. వారధి దాటే ప్రతి ఉత్తరం మీదా, అది ఏ గదిలో, ఏ సీటు నుంచి బయల్దేరిందో...” అని ఆగారు. గ్లాసెత్తి నీళ్లు తాగారు. ఇంకోసారి తాగారు. “...స్పష్టంగా కనపడవలెను.”

కిందనున్న సంతకం ఆయనదే. కానీ కాగితం అడుగున సంతకం పెట్టడమే గానీ, పైన ఏముందో చూసే అలవాటు ఆయనకి లేదు. “చదివి సంతకం పెట్టడానికి నేనేమన్నా గుమాస్తానా?” అని గర్వంగా చెప్పుకునేవారు కూడాను.

“బ్రహ్మాండం సార్!” అని లేచాడు డిప్యూటీ డైరెక్టరు. “ఇక ఆ తేలు ఎవడో ఇట్టే తెలిసిపోతుంది! ఆ పెద్దపులి ఎవడో కూడా...” అని, ఏదో గుర్తొచ్చినవాడిలా చప్పట్లు మధ్యలో ఆపేసి కూర్చున్నాడు.

కంప్యూటరాయనకి మాత్రం కడుపు నిండినట్టయింది. ఈ లోకంలో ఆయన దణ్ణం పెట్టుకునే మనిషి ఒక్కరే, డైరెక్టరు గారు. మెయిల్ లిస్టును చూసుకునేది తనే గనక అందులో ఏముందో తెలుసు. ఎనిమిదేళ్లుగా ఏటా డైరెక్టరు గారి పేరు మీద ఓ ఉత్తరం పడేది. “ఒక మనిషి సేవ శాశ్వతంగా కావలసి వచ్చినపుడు ఆ మనిషిని తాత్కాలికంగా ఉంచుట మనకు మర్యాద కాదు.” ఆ వాక్యం ఆయనకి కంఠతా వచ్చు. ఏటా మిగతా పదిహేనుమందీ “పరిశీలించవచ్చును” అని బదులిచ్చేవాళ్లు. ఏటా మర్నాడే గ్రూపులో తేలు కుట్టేది. ఆ కుట్టుడుకి ఫైలు కాస్తా అటకెక్కేది. ఆ తేలు సామాన్ల గది గుమాస్తానే అని కంప్యూటరాయన నమ్మకం. మూడేళ్లుగా అతనితో మాటల్లేవు.

“ఈసారైనా అవుతుందంటారా?” అంది భార్య ఆ సాయంత్రం, ఉతికిన బట్టలు మడతపెడుతూ. “పిల్ల బడి కాగితంలో తండ్రి ఉద్యోగం అన్నచోట ఏం రాయమంటారు?”

“నెలాఖరు దాకా ఖాళీగా ఉంచు.”

“పోయినేడాదీ అదే అన్నారు. పిల్ల ఆ ఖాళీని పెన్సిల్‌తో నింపుకుపోయింది. ఎప్పుడైనా చెరపొచ్చని.”

ఆయన లేచి వారధి కాగితాలు ముందేసుకున్నాడు.

మర్నాటి నుంచీ ఆయన గదికి రద్దీ మొదలైంది. గదంటే గది కాదు, మెట్ల కింద చోటు. పదకొండేళ్లలో అధికారుల బూట్లు నెత్తి మీద వినడమే గానీ ఎదురుగా చూసింది లేదు. అలాంటిది డిప్యూటీ గారే వంగుని లోపలికొచ్చారు.

“వారధి మంచి పని, చాలా మంచి పని. నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నా. అయితే నా సీటు నంబరొక్కటీ కనపడకుండా చూడు. ఊరికే అడుగుతున్నాలే.”

ఇద్దరు అధికారులు ఊరికే అడిగారు. మరో ముగ్గురు మరీ ఊరికే అడిగారు. చివరికి డైరెక్టరు గారే కబురు పెట్టారు.

“ఏమయ్యా, ఆ నాలుగో అంశం... సాంకేతికంగా కుదరదని ఓ ముక్క రాసివ్వకూడదూ?”

“కుదురుతుంది సార్! రెండు రోజుల పని.”

“కుదురుతుందని నాకూ తెలుసయ్యా!”

ఇది తన నిజాయితీకి పెట్టిన పరీక్ష అనుకుని కంప్యూటరాయన పొంగిపోయాడు. “తమ సంతకం ఉన్న ఉత్తర్వు సార్. ప్రాణం పోయినా అక్షరం తప్పను!” అన్నాడు. డైరెక్టరు గారు ఆయన్ని ఎగాదిగా చూసి, “నీలాంటివాడు ఒక్కడుంటే చాలు” అన్నారు. అది మెచ్చుకోలనే అనుకుంటూ మెట్లు దిగాడా అమాయకుడు.

ఇరవై అయిదో తారీకు రానే వచ్చింది. కింద హాల్లో మీటర్లన్నీ ఆపేశారు. గోడ మీద పెద్ద తెర. ముందు వరసలో పెద్ద ఛైర్మన్ గారు, పక్కన పదహారుమంది. వెనక గుమాస్తాలు, ఓ మూల స్టూలు మీద, అందరూ అక్కయ్య అని పిలిచే టైపిస్టు. వారధి నడుస్తోందని చూపించడానికి, గడిచిన వారం రోజుల ఉత్తరాలని అటువి ఇటూ, ఇటువి అటూ దాటించే ఏర్పాటు చేశాడు కంప్యూటరాయన. ఆ రోజు రాసేవే దాటుతాయని అప్పటిదాకా అందరూ అనుకున్నారు. మీట నొక్కాడు.

మొదటి ఉత్తరం తెర మీదికొచ్చింది. ఛైర్మన్ గారు కళ్లజోడు సవరించుకుని పైకే చదివారు.

“ ‘మాన్య సహచరులకు. ఒక మనిషి సేవ శాశ్వతంగా కావలసి వచ్చినపుడు...’ ఆహా! ఎంత చక్కటి వాక్యమయ్యా! ‘ఇట్లు, డైరెక్టరు. బయల్దేరిన చోటు: టైపు హాలు, పద్దెనిమిదో సీటు.’ ”

తలలన్నీ వెనక్కి తిరిగాయి. పద్దెనిమిదో సీటు టైపిస్టు అక్కయ్యది. ఆవిడ పైన ఫ్యాను రెక్కలు లెక్కపెడుతోంది.

రెండోది వచ్చింది. డిప్యూటీ గారి సవినయ విభేదం. బయల్దేరిన చోటు: టైపు హాలు, ఇరవై ఒకటి. మూడోది, నాలుగోది, పదోది. పదహారుమంది పెద్దమనుషుల మర్యాదంతా టైపు హాల్లోంచే బయల్దేరింది! మెయిల్ లిస్టులో ఎన్నేళ్లుగానో పదహారుమంది గుమాస్తాలు ఒకరినొకరు “మాన్య సహచరులు” అనుకుంటున్నారన్నమాట.

మరి పెద్దమనుషులు ఎక్కడున్నట్టు? ఆ ప్రశ్న ఎవరూ అడగకముందే ఇటు గ్రూపు నుంచి మొదటిది దాటింది. ఛైర్మన్ గారు అదే ఊపులో చదివేశారు.

“ ‘ఆ వైర్ల వెధవకి పర్మనెంటిస్తే రేపు వైర్లు కూడా పర్మనెంటు అడుగుతాయి! మెడ పట్టి గెంటండి! తేలు. బయల్దేరిన చోటు...’ ” ఛైర్మన్ గారి గొంతు సన్నగిల్లింది. “ ‘గది ఒకటి.’ ”

గది ఒకటి ఎవరిదో ఆ హాల్లో మీటర్లకి కూడా తెలుసు.

తర్వాత పెద్దపులి డిప్యూటీ గదిలోంచి దూకింది. ముళ్లపంది లెక్కల అధికారి గదిలోంచి వచ్చింది. గండుచీమ... వద్దులెండి, ఆయనకి పెళ్లీడుకొచ్చిన పిల్లలున్నారు. మురికి కాలవలో గుమాస్తా ఒక్కడంటే ఒక్కడు లేడు. వాళ్లకి తీరికేదీ? పెద్దమనుషుల తరఫున మర్యాదగా ఉండటంతోనే సరిపోయే!

కంప్యూటరాయన ఎవరి మొహమూ చూడలేదు. మూడేళ్ల కోపం, ఎనిమిదేళ్ల కృతజ్ఞత ఒక్కసారిగా మీదపడ్డాయి. ఏడుపొచ్చింది. పక్కనే సామాన్ల గది గుమాస్తా నిలబడి ఉన్నాడు. కంప్యూటరాయన అతని చెయ్యి పట్టుకున్నాడు. ఎందుకో అర్థంకాక, అతను ఆ చేతిలో ఓ చాక్లెట్ పెట్టాడు.

“వారధి తిరగబడింది!” అని కేక పెట్టారు డైరెక్టరు గారు. “తలకిందులుగా చూపిస్తోంది! యంత్రం తప్పు!”

“రేపు మధ్యాహ్నంలోగా నాకు నివేదిక కావాలి. తప్పు వారధిదా, ఇంకెవరిదా?” అని ఛైర్మన్ గారు లేచి వెళ్లిపోయారు.

అయిదు నిమిషాల్లో కంప్యూటరాయనకి గది ఒకటి నుంచి పిలుపొచ్చింది.

“ఏమయ్యా, వారధి తప్పు చూపించిందని రాసి సంతకం పెట్టు.”

“రాస్తే పర్మనెంటు చేస్తారా సార్?”

“తప్పుడు వారధి కట్టినవాడికి పర్మనెంటెలా ఇస్తామయ్యా?”

“మరి వారధి ఒప్పే చూపించిందని రాస్తే?”

“అప్పుడు ఎవరిస్తారయ్యా నీకు?”

లెక్క సరిగ్గానే ఉంది. “ఎనిమిదేళ్లుగా నీ తరఫున ఎన్ని ఉత్తరాలు రాశానయ్యా లిస్టులో! మరిచిపోయావా?” అని కూడా అన్నారు డైరెక్టరు గారు, నొచ్చుకుంటూ. కంప్యూటరాయన దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. అలవాటైన చేతులు, వాటంతటవే లేచాయి. తిన్నగా పద్దెనిమిదో సీటు దగ్గరికెళ్లాడు.

“అక్కా, నువ్వా!”

“నేనే తమ్ముడూ. డైరెక్టరు గారు వచ్చిన మొదటి రోజే పాస్‌వర్డు చేతిలో పెట్టి, ‘ఏదో మర్యాదగా రాసెయ్యమ్మా’ అన్నారు. మర్యాదగా రాశాను.”

“మరి ఆ నాలుగో అంశం?”

“అదీ మర్యాదగానే రాశాను.” ఆవిడ కాగితాలు సర్దుకుంది. “ఎనిమిదేళ్లు చూశాను. నేను కష్టపడి రాసింది ఇవాళ పడితే మర్నాటికల్లా ఆ తేలు వచ్చి కుట్టేది. మనిషి ఎవరో చూడాలనిపించింది. ఇప్పుడు చూశాంగా, నివేదిక నాకొదిలెయ్. ఎలాగూ ఆయన పేరు మీద రాయాల్సింది నేనేగా?”

మర్నాడు ఉదయం సంతకాల కట్ట గది ఒకటిలోకి వెళ్లింది. పైన రెండు సెలవు చీటీలు, కింద సీసం ముద్రలు కావాలన్న ఇండెంటు, మధ్యలో నివేదిక, దాని కింద ఇంకో కాగితం. డైరెక్టరు గారు ఫోన్లో మాట్లాడుతూనే అన్నిటి మీదా సంతకాలు గిలికేశారు. చదవడానికి ఆయనేమన్నా గుమాస్తానా?

నివేదిక ఇలా ఉంది: “వారధి ఏ తప్పూ చేయలేదు. ఉత్తరాలు సరైన సీట్ల నుంచే బయల్దేరినవి. మనుషులే ఇన్నాళ్లూ తప్పు గదులలో కూర్చునియుండిరి. డైరెక్టరు ఉత్తరములు పద్దెనిమిదో సీటు నుంచి వచ్చుచున్నందున డైరెక్టరు స్థానము అదియే. గది ఒకటి, అందులోంచి వ్రాయు వారికి చెందును. రేపటి నుంచి నామఫలకములు తదనుగుణంగా మార్చవలెను. ఇట్లు, డైరెక్టరు.” కింది కాగితం చిన్నది. తాత్కాలిక కంప్యూటరు ఉద్యోగిని శాశ్వతం చేయడమైనది.

మధ్యాహ్నానికే ఛైర్మన్ గారి నుంచి జవాబొచ్చింది. “తన గది వదిలి గుమాస్తాల మధ్య కూర్చునే డైరెక్టరుని నా సర్వీసులో చూడలేదు! కళ్లు చెమర్చాయి. మీ నివేదికని ఆదర్శంగా అన్ని సంస్థలకూ పంపించేశాను.” వారధిని నిన్ననే ఆపించేశారు, ఆ జవాబు మెయిల్ లిస్టుకే వచ్చింది గనక పద్దెనిమిదో సీటు దాకానే వచ్చింది.

తెల్లవారి డైరెక్టరు గారు ఎప్పట్లాగే పది దాటాక వచ్చారు. గది ఒకటి ముందు వడ్రంగి ఆఖరి మేకు కొడుతున్నాడు. తలుపు మీద కొత్త ఇత్తడి పలక, దాని మీద పెద్ద అక్షరాలతో ఒక్కటే మాట. తేలు.

ఆయన అడుగు ముందుకు వేశారు. చుట్టూ నలభైమంది గుమాస్తాలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. లోపలికెళితే ఆ పలక తనదేనని ఒప్పుకున్నట్టు. అడుగు వెనక్కి వేశారు. గిర్రున తిరిగి టైపు హాల్లోకి నడిచారు. పద్దెనిమిదో సీటు మీద “డైరెక్టరు” అన్న పలక మెరుస్తోంది. దాని వెనక అక్కయ్య ఎప్పట్లా కూర్చుని ఉంది. మెట్ల కిందనుంచి కంప్యూటరాయన తల బయటపెట్టి చూస్తున్నాడు. జేబులో ఉత్తర్వుంది, ఇంట్లో భార్య కలం తీసి సిరా సరిచూసుకుంటోంది.

డైరెక్టరు గారు వంగి, ఎవరికీ వినపడకుండా అన్నారు.

“అమ్మా, దీన్నంతా రద్దు చేస్తూ వెంటనే ఓ ఉత్తరం రాసెయ్. కాస్త మర్యాదగా.”

“అలాగే సార్,” అంది అక్కయ్య, వేళ్లు మీటల మీద పెట్టి. “కింద ఎవరి పేరు పెట్టమంటారు?”