పేరు నెత్తిన బాణం

ఒసాకాలో నూడుల్స్ కొట్టు పైగదిలో ఆ ఉదయం సెత్సుకో వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి తాను రాసిన వీడియో ఆటను, దానికి డబ్బు పెట్టే నుమాతా గారికి చూపించాలి. ఆయన సరేనంటే మధ్యాహ్నంలోగా అది కార్ట్రిడ్జ్‌లు చేసే ఫ్యాక్టరీకి వెళ్ళాలి. కాదంటే మాత్రం గది మూసి, యజమాని హోరిగుచితో సహా నలుగురూ మళ్ళీ పాచింకో జూదపు బల్లలకు మేకులు కొట్టుకోవలసిందే.

సెత్సుకోది అంతవరకూ కంప్యూటర్లకు ఆటలు రాసిన చెయ్యి. టీవీకి తగిలించే ఈ కొత్త పెట్టెలో బొమ్మలకూ అక్షరాలకూ జాగా కరువొచ్చింది. అందుకని ఆటలో పనికిరాని జపాను అక్షరాలన్నీ పీకేసి, ఆ చోట్లలో దయ్యాలను కూర్చోబెట్టింది. 'ను' కూడా అలాగే పోయింది. దానికోసం ఎవరూ ఏడవలేదు.

తొమ్మిదింటికి హోరిగుచి ఫోను పెట్టేసి నుదురు తుడుచుకున్నాడు.

"అమ్మాయ్, చివరి కోట గుమ్మం మీద నుమాతా గారి పేరుండాలట. నేను ఒప్పుకున్నానట!"

"ఒప్పుకున్నారా మీరు?"

"ఆయన చెబుతుంటే 'హై, హై' అన్నానంతే. ఫోనులో అననివాడెవడు? వింటున్నానని కదా! ఆయనేమో సరేనన్నాననుకున్నాడు."

"మన దగ్గర 'ను' లేదండీ."

"ఆయన పేరులో మొదటి అక్షరమే లేదా? కొంప ముంచావు కదే!"

ఒక్క దయ్యాన్ని కదిపినా ఆటంతా కూలుతుంది. సెత్సుకో అక్షరాల పట్టీ వెతికింది. ఆటలో తాబేలు పేరు 'కమె' కోసం దాచిన 'మె' కనబడింది. జపాను రాతలో దాని నెత్తిన అడ్డగీత పెడితే అచ్చం 'ను'. గీతకూ జాగా లేదు. ఆటలోని వీరుడి అంబులపొదిలోంచి ఒక బాణం అరువు తెచ్చి 'మె' మీద పడుకోబెట్టింది. మీట నొక్కితే బాణాలన్నీ ఎగురుతాయన్న సంగతి ఆ కంగారులో మరచిపోయింది.

పదింటికి వచ్చిన నుమాతా గారికి ఆడటం చేతకాదు కాబట్టి ఆయన్ని ఆటలో తిన్నగా చివరి కోట దగ్గరే దింపారు. గుమ్మం మీద పేరు చదువుకుని మురిసిపోతూ ఆయన మీట నొక్కారు. పేరు మీది గీత రివ్వున లేచివెళ్ళి గుమ్మం ముందు కాపలా ఉన్న దయ్యాల రాజు వీపులో దిగింది. రాజు కూలాడు. గుమ్మం మీద 'మెమాతా' మిగిలింది.

హోరిగుచి చాప మీద సాగిలపడ్డాడు.

"క్షమించండి! ఇప్పుడే తీసేస్తాం!"

"తీసేస్తారా? ముట్టుకుంటే ఊరుకోను!" నుమాతా గారు లేచి గంతేశారు. "నా జన్మలో నేను గెలిచిన ఆట ఇదొక్కటేనయ్యా! మా ఇంటిపేరే దిగొచ్చి దయ్యాన్ని పొడిచింది!"

"కానీ పేరు మెమాతా అయిపోయిందండీ," అంది సెత్సుకో, నోరు ఊరుకోక.

"నుమాతాలు వీధికొకరుంటారమ్మా!"

పన్నెండు కొట్టకముందే ఆట ఫ్యాక్టరీకి చేరింది. నెల తిరిగేసరికి దుకాణాల ముందు పిల్లలు బారులు తీరారు. గుమ్మం మీది పేరు దయ్యాన్ని చంపుతుందని బడి బడికీ పాకింది. ఆ బారులు చూసి సెత్సుకో నడివీధిలో ఆనందం పట్టలేక ఏడ్చేసింది.

నుమాతా గారు మాత్రం తన విజిటింగ్ కార్డులన్నీ చించేసి, 'మెమాతా' అని కొత్తవి అచ్చు వేయించుకున్నారు.