కాలు ముందు, ఫైలు వెనక

మనిషి శరీరం ముందస్తు అనుమతి లేకుండా పెరగడం నేరం కాకపోవచ్చు గానీ, క్రమశిక్షణా రాహిత్యం మాత్రం ముమ్మాటికీ అవును. ఈ మాట అనే అర్హత నాకుంది. దరఖాస్తు ఫారాలు తయారుచేసే విభాగంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. ‘పుట్టుమచ్చల ధ్రువీకరణ ఫారం’ నా చేతి చలవే. అందులోని పదకొండో నిబంధనకైతే ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు: “దరఖాస్తులోని కొలతకూ తనిఖీనాటి కొలతకూ తేడా ఉన్నచో దరఖాస్తు తిరస్కరించబడును.” మోసగాళ్ల ఆట కట్టించానని మురిసిపోయాను. (మచ్చను అద్దెకు తెచ్చుకునేవాడు ఎవడని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.)

మా అమ్మాయికి ఆరేళ్లు. పుట్టుకతోనే కుడికాలంతా దానిమ్మగింజ రంగు మచ్చ, తొడ పక్కన ఉబ్బిన నరాలు, అరికాలి మీద ముడతలు పడ్డ మందపాటి చర్మం. ఎడమకాలు పద్ధతిగా పెరుగుతోంది, కుడికాలికే తొందర. ఏ లక్షమందిలోనో ఒకరికి వచ్చే జబ్బట. చర్మం మీది గుర్తులు చూసే డాక్టరమ్మ గుర్తుపట్టింది. పెరుగుదలను అదుపు చేసే మందుందనీ, త్వరగా మొదలుపెట్టాలనీ చెప్పింది. మందు ఇవ్వాలంటే ధ్రువపత్రం కావాలి. పత్రం కావాలంటే ఫారం నింపాలి. నా ఫారం.

మచ్చ కాలంతా ఉంది కాబట్టి, కొలత గడిలో పిక్క చుట్టుకొలత ఇరవై ఎనిమిది సెంటీమీటర్లని రాసిచ్చాను. మూడు నెలలకు తనిఖీకి పిలిచారు. కౌంటరులో గుమాస్తా, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే, టేపు చుట్టి చూసి తల గోక్కున్నాడు.

“ఇరవై తొమ్మిదిన్నర వస్తోంది సార్. పదకొండో రూలు... మీకు నేను చెప్పాలా?”

“పెరిగే జబ్బయ్యా అది!”

“నిజమే సార్. కానీ పెరగడానికి మన ఫారంలో గడి లేదు కదా.”

లేదు. కాగితం పొదుపని ఆ గడి నేనే కొట్టేశాను.

రెండోసారి తెలివి ఉపయోగించి, తనిఖీనాటికి ఎంతవుతుందో ఊహించి ముప్పై ఒకటి రాశాను. కాలు ఈసారి అర సెంటీమీటరే పెరిగింది. ‘తప్పుడు సమాచారం’ అని ముద్ర కొట్టారు. మా ఆవిడ గోడకున్న నా ప్రశంసాపత్రం తీసి, దాని వెనక పాప కాలి కొలతలు రాసుకోవడం మొదలుపెట్టింది.

మూడోసారి ‘మారుతూ ఉండును’ అని రాశాను. దాంతో పై అధికారే స్వయంగా పిలిపించారు. దయగల మనిషి. పాపకు బిస్కెట్ ఇచ్చి, ఫైలు మీద రాశారు: “మచ్చ నిజము. కాలు అనుమానాస్పదము. పెరుగుదల పూర్తిగా ఆగిన పిమ్మట మరల దరఖాస్తు చేసుకొనవలెను.”

“ఆగడానికే కదండీ మందు అడుగుతున్నాం!” అంది మా ఆవిడ.

“నాకర్థమవుతోందమ్మా. రూలు నేను రాసింది కాదు కదా,” అన్నారాయన, నావైపు చూడకుండా.

సిగ్గుతో చచ్చినంత పనైంది నాకు. బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాక పాప అడిగింది.

“నాన్నా, ఆ రూలు ఎవరు రాశారు?”

“ఎవరో పెద్దమనిషిలే అమ్మా.”

ఆ పెద్దమనిషి అప్పుడు నేల మీద మోకాళ్లూని, కిందటి నెలే కొన్న బూటులో ఆ కాలు పట్టించడానికి తంటాలు పడుతున్నాడు.